మన కళాశాలల గురువులు: జీతము, తృప్తి

1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో పాఠశాల తెరచి, 1865లో ఇక్కడనే కన్నుమూసిరి. నడుమ ఒక్కసారియైనను స్వదేశము వెళ్ళలేదు. వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్న 1864 ఉప్పెన తరువాత కూడ బందరును విడువలేదు. నేటి నోబుల్ కళాశాలకు ఆ బడియే మూలము. ఇట్టి అంకితభావమును మన సంఘములు తరచు స్మరించుకొనుట న్యాయమే.

అయితే దొరగారు అవివాహితులు. వారి పోషణ చర్చి మిషనరీ సొసైటీది. వారి తరువాత తరతరాలుగా పాఠములు చెప్పిన మన అధ్యాపకులకు ఇల్లు, పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఉండెను. "సేవగా భావించండి" అని వారితో చెప్పుట కమిటీలో కూర్చున్న మాబోటివారికి తేలికే!

1973 నాటి యు.జి.సి. స్కేలులో లెక్చరరు మూలవేతనము 700 నుండి 1600 రూపాయలు. 1986లో 2200 నుండి 4000. ఎయిడెడ్ అధ్యాపకులకు ఇది గొప్ప ఊరట. కాని సిలబసు యూనివర్సిటీది, గ్రాంటు ప్రభుత్వముది, అజమాయిషీ యాజమాన్యముది; గురువు మాట చెల్లునది తరగతి గదిలో మాత్రమే. ఖాళీపడిన ఎయిడెడ్ పోస్టులు నిండక, ప్రక్కప్రక్క గదులలో ఒకే పాఠము చెప్పు ఇరువురికి పొంతనలేని జీతములు వచ్చెను. ఆ రెండవవారి సంగతి మన సభలలో ఎవరెత్తిరి?

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సిబ్బందిని తనలో చేర్చుకొనుటకు చట్టము సవరించెను. వెళ్ళినవారికి జీతపు భద్రత మిగిలెను. ఏండ్ల తరబడి వారు పెంచిన లేబొరేటరీలు, లైబ్రరీలు పాత ఆవరణలోనే నిలిచిపోయెను.