చైల్డ్‌కీ చిల్డ్రెన్‌కీ మధ్య వెయ్యేళ్ళు

మొన్నామధ్య మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చదివిస్తున్నాను. 'చైల్డ్' సరిగ్గానే చదివింది. కింద లైన్లో 'చైల్డ్రెన్' అంది.

"చైల్డ్రెన్ కాదే, చిల్డ్రెన్!" అని కసిరాను.

"మరి పైన చైల్డ్ అన్నావు కదా మామయ్యా?"

"ఇంగ్లీషంతే. బట్టీ పట్టు."

పుస్తకం మూసేసి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు మనందరికీ దొరికిన జవాబే నేనూ చెప్పానన్నమాట. మనసొప్పక ఆ రాత్రి కూర్చుని వెతికితే, దీని వెనక పెద్ద కథే ఉంది.

బళ్ళో చెప్పే రూలు ప్రకారం, హల్లుల మధ్య ఒంటరిగా ఇరుక్కున్న 'ఐ' అక్షరం పొట్టిగా పలకాలి: బిగ్, మిల్క్. చివర 'ఈ' చేరితేనే బిట్ కాస్తా బైట్ అవుతుంది. ఆ లెక్కన చైల్డ్, వైల్డ్, ఫైండ్ రూలు తప్పినట్టే.

నిజానికి పాత ఇంగ్లీషులో మొదట హ్రస్వమే, 'చిల్డ్' అనేవాళ్ళు. 1066లో నార్మన్లు దిగకముందే, ఎల్-డి, ఎన్-డి, ఎమ్-బి లాంటి జంటల ముందు అచ్చు సాగింది. చిల్డ్ 'చీల్డ్' అయింది. బహువచనంలో మాత్రం ఎల్-డి వెనక ఆర్ కూడా ఉంది. మూడు హల్లులు వరసగా ఉన్నచోట అచ్చు సాగలేదు, పొట్టిగానే ఉండిపోయింది.

తర్వాత సుమారు 1400-1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాలన్నీ చోటు మారాయి. ఒట్టో యెస్పర్సన్ దీనికి 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అని పేరు పెట్టాడు. 'ఈ' శబ్దం 'ఐ' అయిపోయింది కాబట్టి చీల్డ్ చైల్డ్ అయింది. చిల్డ్రెన్‌లో దీర్ఘమే లేదు, దాని జోలికి ఏదీ రాలేదు. ఈలోగా 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్లో ప్రెస్సు పెట్టాడు. అచ్చు పుస్తకాలతో స్పెల్లింగులు మెల్లగా బిగుసుకున్నాయి, నోళ్ళు మాత్రం ఆగలేదు. మన బాషలో చెప్పాలంటే కోడు మారింది, డాక్యుమెంటేషన్ పాతదే.

తెలుగులో ఇ, ఈ, ఐ మూడూ వేరువేరు అక్షరాలు. ఆ అలవాటుతో వచ్చిన పిల్లకి ఒకే అక్షరం ఇన్ని వేషాలేస్తే తికమక కాదూ? అలాంటి మాటలని ఒక్కొక్కటిగా బట్టీ పట్టించేకంటే కుటుంబాలుగా చెప్తే నయం: ఫైండ్, మైండ్, కైండ్ ఒకటి, చైల్డ్, వైల్డ్, మైల్డ్ ఒకటి, ఓల్డ్, కోల్డ్, గోల్డ్ ఇంకొకటి. గాలి అనే అర్థంలో విండ్ లాంటి మొండిఘటాలు ఎలాగూ ఉంటాయి, వాటిని విడిగా చూపించొచ్చు.

మర్నాడు ఆ పిల్లకి ఈ కథంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది, "అయితే నేను తెలివితక్కువగా చదవలేదా?"

లేదమ్మా. తెలివిగా ఆలోచించావు కాబట్టే తప్పింది. కసరడమే నాది తప్పు.