గడప దాటకముందే: కాశీయాత్ర నుంచి విదేశీ ప్రయాణ బీమా దాకా

నిరుడు వేసవికి ముందు మహదేవపూర్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య నా దగ్గరకు వచ్చారు. నేను సర్కారు దవాఖానలో పనిచేసిన రోజుల నుంచి వారితో పరిచయం. కొడుకు అమెరికాలో ఉన్నాడు. టికెట్లు వచ్చాయి, కోడలి కోసం మహదేవపూర్ దసలి పట్టు చీర కొన్నారు, పచ్చళ్ళు సిద్ధమయ్యాయి. ప్రయాణానికి తొమ్మిది రోజులే ఉంది. బీమా మాత్రం ఇంకా తీసుకోలేదు.

“డాక్టర్ సాబ్, నా షుగర్, బీపీ సంగతి, గుండెల స్టెంటు సంగతి రాయకుండ ఒక సర్టిఫికెట్ ఇయ్యండి. రాస్తే బీమాకు ఎక్కువ పైసలు అడుగుతున్నరు” అన్నారాయన.

అది నా చేత కాదన్నాను. ఆయన నొచ్చుకున్నారు. “మా తాతలు ఏ బీమా చేసుకొని కాశీకి పోయిండ్రు?” అని అడిగారు.

ఆ ప్రశ్న తీసిపారేయదగినది కాదు. దానికి జవాబు వెతికితే రెండు శతాబ్దాల ప్రయాణ చరిత్ర, దానితో పాటు రెండు శతాబ్దాల వైద్య చరిత్ర కనిపిస్తాయి. ఆ జవాబే ఈ వ్యాసం.

మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం యాత్రికులకు కొత్త చోటు కాదు. గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు అది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తీశ్వరాలయం అక్కడ ఉంది. ఏటి కవతల మహారాష్ట్రలోని సిరోంచ. వంతెన లేని రోజుల్లో పడవ మీదనే రాకపోకలు సాగేవి. వానకాలంలో ఏరు దాటాలంటే పడవవాడి మాట వినాలి, ఏటి పోటు తగ్గేదాకా ఆగాలి. ప్రయాణమంటే ముందుచూపు అని ఈ ప్రాంతపు పెద్దలకు ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

ఇక కాశీ. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు సమానమని మన సామెత. ఆ మాటలో నిరాశ కంటే లెక్క ఎక్కువ. తిరిగి రాకపోవచ్చునని ఒప్పుకున్నవాడు బయలుదేరే ముందు అప్పులు తీర్చేవాడు, పొలం పనులు ఒకరికి అప్పగించేవాడు, ఇంటివారికి గ్రాసం ఏర్పాటు చేసేవాడు. హజ్ యాత్రకు వెళ్ళే ముస్లిములకు కూడా వారి ధర్మం ఇదే చెప్పింది: బాకీలు తీర్చాలి, తిరిగి వచ్చేదాకా ఇంటివారికి సరిపడా ఏర్పాటు చేసి గడప దాటాలి. కాగితం మీద రాయకపోయినా అది బీమాయే.

తెలుగులో ఇందుకు గొప్ప సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాద్, నాగపూర్, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల ప్రయాణం. వెంట తల్లి, భార్య, పరివారం, పల్లకీ బోయీలు కలిపి సుమారు వంద మంది. దారి పొడవునా ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా అని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు ఆయన రాస్తూ పోయారు. ఆ రాతలే ఆయన మరణానంతరం 1838లో పుస్తకంగా వచ్చాయి. వైద్యుడిగా ఆ పుస్తకాన్ని చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది నీళ్ళ గురించిన ఈ జాగ్రత్తే. 1817లో బెంగాల్‌లో పుట్టిన కలరా మహమ్మారి దేశమంతా తిరిగిన కాలమది. యాత్రాస్థలాలే దాని కూడళ్ళు. అది నీళ్ళ ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో చెప్పడానికి ఇంకా రెండు దశాబ్దాలు ఉంది.

సముద్రం దాటే యాత్రలో ఈ ప్రమాదం మరింత పెద్దది. మహదేవపూర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యం నుంచి హజ్‌కు వెళ్ళేవారు సాధారణంగా బొంబాయి రేవులో ఓడ ఎక్కేవారు. మక్కాలో వారు దిగడానికి రుబాత్ అనే ఉచిత వసతి గృహాలను హైదరాబాద్ రాజ్యంవారు ఏర్పరచారు. పరాయి దేశంలో తలదాచుకునే చోటు ముందే సిద్ధం చేసిన ఏర్పాటు అది.

కాని ఓడలు కిక్కిరిసి వెళ్ళేవి. 1865లో హజ్ యాత్రికులలో కలరా చెలరేగి వేలాది మందిని బలిగొంది. ఆవిరి ఓడల మీద తిరుగు ప్రయాణమైన వారి వెంట అది ఈజిప్టు మీదుగా యూరపు దాకా పాకింది. మరుసటి ఏడు కాన్‌స్టాంటినోపుల్‌లో దేశాలన్నీ ఆరోగ్య సమావేశం జరుపుకొన్నాయి. 1882 నుంచి మన దేశపు యాత్రికుల ఓడలు ఎర్రసముద్రంలోని కమరాన్ ద్వీపంలో ఆగి, క్వారంటైన్ గడువు గడిపి ముందుకు సాగవలసి వచ్చింది. 1886లో భారత ప్రభుత్వం హజ్ ప్రయాణాల ఏర్పాట్లను థామస్ కుక్ సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ కొన్నేళ్ళకే ఆ పని వదులుకుంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది హజ్ ప్రయాణాన్నే ప్రభుత్వం ఆపివేసింది. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి బయలుదేరినవారి గతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉండేది. పోవడానికి మాత్రమే డబ్బు సమకూర్చుకొని వెళ్ళిన బీదవారు జెడ్డా రేవులో తిరుగు టికెట్ లేక చిక్కుబడిపోయేవారు. ఆకలి, జబ్బు, చావు వారి పాలయ్యేవి. చివరకు 1925లో వ్యాపార నౌకల చట్టాన్ని సవరించి, తిరుగు టికెట్ కొనడమో, దానికి సరిపడే సొమ్ము ముందే జమ కట్టడమో తప్పనిసరి చేశారు. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన ఘట్టం. జబ్బుపడినవారిని, మరణించినవారి దేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు ఇప్పటి ప్రయాణ బీమా పత్రంలో ఒక అంశంగా ఉంటుంది. దాని వెనుక ఉన్నదీ, జెడ్డా రేవులో మిగిలిపోయినవారి కథ వెనుక ఉన్నదీ ఒకే భయం.

అదే కాలంలో వైద్యం మరొక రక్షణను ఇచ్చింది. హాఫ్‌కిన్ 1893లో మన దేశంలో కలరా టీకాలు వేయడం మొదలుపెట్టాడు. 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకాను తన ఒంటి మీదనే పరీక్షించుకున్నాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చేసింది. విదేశాలకు వెళ్ళేవారి చేతిలో పాస్‌పోర్టుతో పాటు టీకాల పుస్తకం ఉండడం మా తరానికి బాగా తెలుసు. కలరా టీకా పత్రం 1973లో అవసరం లేకుండా పోయింది. మశూచి భూమి మీద లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. మిగిలింది పచ్చజ్వరం, అంటే ఎల్లో ఫీవర్. కెన్యా వంటి దేశాలకు విహారయాత్రకు వెళ్ళి వచ్చేవారు ఆ టీకా పత్రం చూపకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఈ టీకా పత్రం టీకా వేసిన పది రోజుల తరువాతనే చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. విమానం ఎక్కే ముందు రోజు అక్కడికి పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు. ఒంట్లో రక్షణ తయారు కావడానికి శరీరం తన సమయం తాను తీసుకుంటుంది.

ఇక బీమా. ఇంగ్లండులో రైళ్ళు వచ్చిన కొత్తలో, 1840ల చివర, రైలు ప్రయాణికుల కోసమే ఒక బీమా కంపెనీ పుట్టింది. టికెట్‌తో పాటు ఆ ప్రయాణానికి సరిపడే బీమా కొనుక్కునేవారు. మన దేశంలో 1973 నుంచి సాధారణ బీమా ప్రభుత్వ రంగంలోకి వచ్చింది. విదేశాలలో వైద్య ఖర్చుల కోసం ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ 1984లో వచ్చింది. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు కూడా ఉన్నాయి. వాటన్నిటినీ నియంత్రించే సంస్థ 2001లో ఢిల్లీ నుంచి మన హైదరాబాద్‌కే తరలివచ్చింది.

మహదేవపూర్ 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. గల్ఫ్‌కు వలస అంటే ఏమిటో ఆ జిల్లాకు తెలిసినంతగా కొద్ది జిల్లాలకే తెలుసు. 2003 డిసెంబరులో ప్రవాసీ భారతీయ బీమా యోజన వచ్చింది. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టులతో పనికి వెళ్ళేవారికి అది తప్పనిసరి. 2017లో సవరించిన పథకంలో ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి పది లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, ఆపైన పన్ను. కూలికి వెళ్ళే కొడుకుకు చట్టం ఈ రక్ష కట్టింది. విహారానికి, కొడుకును చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులకు మాత్రం అన్నిచోట్లా అలాంటి చట్టం లేదు. యూరపులోని షెంగెన్ దేశాలు కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేకుండా వీసా ఇవ్వవు. అమెరికా సందర్శకుల వీసాకు అటువంటి షరతు లేదు. వైద్యం అత్యంత ఖరీదైన దేశంలోనే ఆ జాగ్రత్త మన ఇష్టానికి వదిలేశారు.

2020 మార్చిలో కరోనా కారణంగా అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు పిల్లల దగ్గరకు వెళ్ళిన ఎందరో పెద్దలు అక్కడే చిక్కుకున్నారు. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యేదాకా వారికి దారి లేదు. తీసుకెళ్ళిన మందులు అయిపోయాయి, బీమా గడువులు దగ్గరపడ్డాయి. జెడ్డా రేవు కథ మరో రూపంలో తిరిగి వచ్చిందని నాకప్పుడు అనిపించింది.

ఈ చరిత్ర అంతా ఒకే మాట చెబుతుంది. రక్షణ గడప దాటకముందే, ఆపద కనబడకముందే, ఉన్నది ఉన్నట్లు చెప్పి సంపాదించుకోవాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే ప్రయోజనం లేదు.

అందుకే ఆ మాస్టారికి నేను చెప్పిన మాటలే పాఠకులకూ చెబుతున్నాను. టికెట్ తీసుకున్న వెంటనే బీమా తీసుకోండి. ప్రయాణం రద్దయితే నష్టం భరించే అంశం పాలసీలో ఉంటే, అది సాధారణంగా కొన్న నాటి నుంచే పనిచేస్తుంది; చివరి రోజున కొంటే ఆ లాభం పోయినట్లే. ఉన్న జబ్బును దాచకండి. దాస్తే మిగిలేది కొన్ని వేల రూపాయలు. ఆసుపత్రిలో చేరాక పాత చీటీలు బయటపడితే బీమా కంపెనీ మొత్తం క్లెయిమునే తోసిపుచ్చవచ్చు. అప్పుడు ఆ బిల్లు కొడుకు నెత్తిన పడుతుంది. పాతజబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఎంతవరకు ఇస్తారు, మొదట ఎంత సొమ్ము మనమే భరించాలి, ఒక్కొక్క చికిత్సకు పరిమితి ఉందా అనే మూడు ప్రశ్నలు అడగకుండా సంతకం చేయకండి. తిరిగి వచ్చే తేదీ కంటే కొన్ని రోజులు ఎక్కువకే తీసుకోండి.

మూడు నెలల ముందు మీ డాక్టరును కలవండి. మందులు మార్చవలసి వస్తే, అవి ఒంటికి పడ్డాయో లేదో తెలియడానికి వ్యవధి కావాలి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాక అసలు మందు పేరు రాయించుకోండి. ఇక్కడి పేర్లు అక్కడి ఫార్మసీలో అర్థం కావు. మందులు చేతిసంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్‌ను విమానం అడుగున వేసే పెట్టెలో పెడితే గడ్డకట్టి చెడిపోవచ్చు. గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి, దగ్గు మందుల విషయం ముందే తెలుసుకోవాలి. అక్కడ గసగసాలు కూడా నిషిద్ధమే. మసాలా పొడిలో కలిపి పంపినా చిక్కే.

మాస్టారు ఆనాడు కోపంగానే లేచి వెళ్ళారు. నాలుగు రోజుల తరువాత ఫోను చేశారు. టికెట్లను రెండు నెలలు వెనక్కి జరిపించారట. గుండె డాక్టరును కలిశారు, జబ్బులన్నీ రాసి బీమా తీసుకున్నారు. అనుకున్నదానికంటే ఎక్కువే కట్టారు. అమెరికాలో నాలుగు నెలలుండి, క్షేమంగా తిరిగి వచ్చారు. మొన్న కాళేశ్వరం ప్రసాదం తీసుకొని నా దగ్గరకు వచ్చి నవ్వుతూ అన్నారు:

“ఒక్క గోలి కూడ అక్కడ కొనలేదు డాక్టర్ సాబ్. బీమా పైసలన్నీ గోదాట్లనే కలిసినయి.”

“సార్, అవి అట్ల గోదాట్ల కలవాల్ననే కదా మనం కట్టింది” అన్నాను.