డేగను మోసిన చేతులు

మా ఇళ్లల్లో షాబాజ్‌లున్నారు, షాహీన్‌లున్నారు. కొడుకు పుడితే షాబాజ్ అనీ, కూతురు పుడితే షాహీన్ అనీ పేరు పెట్టుకుంటాం. రెండూ డేగల పేర్లే. ఉర్దూ చదువుకున్న ఇళ్లల్లోనైతే ఇక్బాల్ పుణ్యమా అని షాహీన్ ఆత్మగౌరవానికి గుర్తు అయింది. కానీ ఆ పక్షిని కళ్లారా చూసినవాళ్లు మాలో ఎంతమంది? పేరు మాత్రం మిగిలింది. పక్షి పోయింది. పక్షితో బతికిన మనుషుల కథ అంతకంటే ముందే పోయింది.

బయటివాళ్ల దగ్గర మా గురించి ఇంకో బొమ్మ ఉంది. గుర్రం మీద నవాబు, అతని ముంజేతి మీద డేగ. ఆ బొమ్మ చూపించి 'మీరు ఏలినోళ్లు కదా' అంటారు. పంక్చర్లు వేసే సాయిబును, దూదేకే సాయిబును, గాజులమ్మే బీబీని నిలబెట్టి నవాబుల వారసుల్ని చేస్తారు. మేం ఆ బొమ్మను కాస్త దగ్గరగా చూడమంటున్నాం. నవాబు చేతి మీద డేగ ఉండేది వేట సాగే కాసేపే. మిగతా రాత్రింబవళ్లు అది ఇంకొకరి చేతి మీద ఉండేది. ఆ చేతి చరిత్ర రాయాల్సిన బాధ్యత మాదే. ఎందుకంటే ఆ చెయ్యి మాది.

ఇంకో అవసరం కూడా ఉంది. మా వాడల్లో పదిహేనేళ్ల పిల్లలు కొందరు చెట్టూ పిట్టా అంటే ప్రాణం పెడతారు. పావురాల గూళ్ల దగ్గర మొదలై, ఆకాశంలో తిరిగే డేగ మీద కళ్లు పడతాయి. 'మేం కూడా డేగను పెంచొచ్చా?' అని అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పాలి. జవాబు కంటే ముందు చరిత్ర చెప్పాలి.

డేగవేట ముస్లింలు తెచ్చిన క్రూరత్వం అనే మాట ఒకటి వినిపిస్తుంటుంది. కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' రాయించాడు. అందులో రాజుల వినోదాల వరసలో శ్యేనవినోదం ఉంది. శ్యేనమంటే డేగే. దక్కన్‌లో సుల్తానులు రాకముందు మాట ఇది. సాళువమంటే వేటడేగ. ఆ మాటను పేరు చేసుకున్న వంశం 1485లో సాళువ నరసింహరాయల రూపంలో విజయనగర సింహాసనం ఎక్కింది. కుమావూ రాజు రుద్రదేవుడు 16వ శతాబ్దంలో డేగవేట మీద 'శ్యైనికశాస్త్రం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో బాజ్, జుర్రా లాంటి ఫార్సీ మాటలు సంస్కృతం వేషం వేసుకుని కనిపిస్తాయి. గురు గోవింద్ సింగ్ పటాల్లో చేతి మీద తెల్లని బాజ్ ఉంటుంది. బీజాపూర్ సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్ షా డేగతో వేటకు వెళ్తున్న చిత్రం దక్కనీ కళలో పేరు పొందింది. అంటే డేగకు మతం లేదు. ఏలినవాళ్లందరి చేతుల మీదా కూర్చుంది. కానీ నింద మాత్రం ఒక్కరి మీదే కూర్చుంది.

ఇక పని సంగతి. డేగ కుక్కలాగా మచ్చికయ్యేది కాదు. కొడితే లొంగదు, తిడితే అర్థం చేసుకోదు. దానికి శిక్ష అనేదే తెలియదు. ఒక్కసారి దెబ్బ తిన్నదంటే ఆ మనిషి దగ్గరికి మళ్లీ రాదు. అడవి నుంచి పట్టుకొచ్చిన పక్షిని తోలు దస్తానా తొడిగిన చేతి మీద కూర్చోబెట్టుకుని రాత్రుళ్లు మేలుకోవాలి. మనుషుల గొంతులకు, దీపాల వెలుగుకు, పిల్లల కేకలకు అలవాటు చెయ్యాలి. కళ్లకు తోలు టోపీ, కాళ్లకు మెత్తటి తోలు పట్టీలు, చప్పుడు వినిపించేటట్టు చిన్న గజ్జెలు. చేతి మీద కూర్చుని తినడం నేర్చుకున్నాక ఒక మూర దూరం నుంచి పిలవాలి. ఆ తర్వాత కాలికి పొడుగు తాడు కట్టి పది గజాలు, యాభై గజాలు. దాని ఆకలెంతో బరువును బట్టి తెలుసుకోవాలి. ఎక్కువ తింటే రాదు, తక్కువ తింటే చస్తుంది. చివరికి ఒకరోజు తాడు విప్పాలి. ఇక అది ఆకాశం సొత్తు. వస్తే వస్తుంది, పోతే పోతుంది. రాజాజ్ఞ అక్కడ చెల్లదు. బాజ్‌దారు గొంతు మీద, చేతిలో మాంసం ముక్క మీద నమ్మకం ఉంటేనే తిరిగొస్తుంది.

ఈ విద్యలో ఆడపక్షిదే పెద్దపీట. డేగల్లో మగదానికంటే ఆడది పెద్దది, బలమైనది. బాజ్ అంటే ఆడది, దాని మగపక్షి జుర్రా. కాబట్టి కూతురికి షాహీన్ అని పేరు పెట్టుకున్న మా తల్లులు పొరపాటు పడలేదు.

ఈ పని చేసినవాళ్లకు దక్కిందేమిటి? అక్బర్ కొలువు వివరాలు రాసిన అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో డేగలకో అధ్యాయం కేటాయించాడు. ఏ పక్షికి రోజుకెంత మాంసం, ఏ పక్షి ధరెంత, మోసేవాడి జీతమెంత అన్నీ లెక్క కట్టాడు. మేలుజాతి బాజ్ ధర బంగారు మొహరీల్లో ఉంది. దాన్ని సాకినవాడి నెల జీతం కొద్దిపాటి రూపాయల్లో ఉంది. ఈ ఒక్క పుటలోనే మా చరిత్ర అంతా ఉంది. మా పాలకులు, మా పాలితులు వేరు వేరు. మతం ఒకటైనంత మాత్రాన పళ్లెం ఒకటి కాలేదు.

అయినా ఆ పేదవాళ్ల నోటిమాట ప్రపంచాన్ని చుట్టింది. ఇంగ్లీషు పక్షిశాస్త్ర గ్రంథాల్లో షిక్రా, లగ్గర్, షాహీన్ అనే పేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అవి బాజ్‌దారులు, చిడీమార్లు నోటితో పలికిన మాటలు. వాళ్లు పలికిన పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి. వాళ్ల పేర్లు ఎక్కలేదు.

ఇప్పుడు ఇద్దరు పిల్లల కథ చెబుతాం. 1916లో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే కవలలు పుట్టారు. తండ్రి సర్కారు కొలువులో అడవి పురుగుల శాస్త్రవేత్త. సెలవుల్లో పిల్లల్ని పొటోమాక్ నది వెంట తిప్పేవాడు. టీనేజీలోనే ఈ అన్నదమ్ములకు డేగల పిచ్చి పట్టుకుంది. చెట్లెక్కారు, కొండచరియలెక్కారు. గూళ్లలోని పిల్లల్ని ఫొటోలు తీశారు, కొన్నింటిని తెచ్చి పెంచి ఎగరడం నేర్పారు. 1937 జూలైలో, 21 ఏళ్లు నిండకముందే, వాళ్ల రచన 'నేషనల్ జియోగ్రఫిక్' పత్రికలో అచ్చయింది.

ఆ పత్రిక గుజరాత్‌లోని భావనగర్ సంస్థానం చేరింది. చదివినవాడు మహారాజు తమ్ముడు ధర్మకుమార్‌సింహ్‌జీ. ఆయనకూ దాదాపు అదే వయసు, అదే పిచ్చి. ఉత్తరాలు నడిచాయి. ఆయన పిలుపు మీద 1940లో ఆ అన్నదమ్ములు భావనగర్ వచ్చి నెలల తరబడి ఉండి దర్బారు డేగవేటను దగ్గరుండి చూశారు. 1942లో దాని గురించి అదే పత్రికలో రాశారు. తర్వాత వాళ్లు పేరుమోసిన జీవశాస్త్రవేత్తలయ్యారు. యెల్లోస్టోన్ అడవుల్లో గ్రిజ్లీ ఎలుగుల మీద పరిశోధన చేశారు. అమెరికాలో నదులను కాపాడే 1968 చట్టం వెనుక వాళ్ల కృషి ఉంది. వాళ్ల చెల్లెలు జీన్ 1959లో డేగను పెంచుకునే ఒక పిల్లవాడి నవల రాస్తే, అది చదివి ఎంతోమంది పిల్లలు ఈ దారి పట్టారు. ధర్మకుమార్‌సింహ్‌జీ కూడా సౌరాష్ట్ర పక్షుల మీద పుస్తకం రాసి పక్షిశాస్త్రంలో నిలిచారు.

ముగ్గురు కుర్రవాళ్లు. ముగ్గురూ డేగతో మొదలై ప్రకృతిశాస్త్రంలోకి నడిచారు. మాకు సంతోషమే. మా ప్రశ్న వేరు. ఆ దర్బారులో డేగల్ని సాకి, వాళ్ల కళ్లముందు ఎగరేసి చూపించిన బాజ్‌దారులకూ పిల్లలుండే ఉంటారు కదా? వాళ్లూ ఆ వయసులోనే ఆ పక్షుల మధ్యే పెరిగి ఉంటారు కదా? వాళ్లలో ఎవరి పేరైనా మనకు తెలుసా?

1948లో భావనగర్ విలీనమైంది. మహారాజు మద్రాసు గవర్నరుగా వచ్చారు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. సంస్థానాధీశులకు 1971 దాకా రాజభరణాలు అందాయి. బాజ్‌దారుకు ఏ భరణం అందింది? దర్బారు మూతపడిన రోజు అతని విద్య విలువ సున్నా అయింది.

బీహార్‌లో మీర్‌షికార్లనే ముస్లింలున్నారు. మీర్‌షికార్ అంటే ఒకప్పుడు వేట అధికారి. ఆ పెద్ద పేరు పిట్టలు పట్టి అమ్ముకునే పేదవాళ్ల కులం పేరై మిగిలింది. పేరులో అమీరు, పొయ్యిలో పిల్లి. పక్షుల వలసను తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కాళ్లకు ఉంగరాలు వేసే పని పెట్టుకున్నప్పుడు, పక్షికి గాయం కాకుండా పట్టే చెయ్యి కావలసి వచ్చింది. అప్పుడు మీర్‌షికార్లే పనికొచ్చారు. వాళ్లలో అలీ హుస్సేన్ అనే ఒక్కాయన పేరు మాత్రం కాస్త బయటికి వచ్చింది.

ఆ సొసైటీకి పెద్దదిక్కయిన సాలిం అలీ కూడా మావాడే. చిన్నప్పుడు తాను కొట్టిన పసుపుగొంతు పిచ్చుక ఏమిటో తెలుసుకోవాలని ఆ సొసైటీ మెట్లెక్కిన పిల్లవాడు. 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి మన పక్షుల లెక్క రాశాడు. కానీ ఒక మాట దాచకూడదు. ఆయనకు వేట తెలిసిన, పలుకుబడి ఉన్న మేనమామ ఉన్నాడు. సొసైటీ తలుపు తెరుచుకోవడానికి ఆ ఆసరా పనికొచ్చింది. మీర్‌షికార్ పిల్లవాడికి అలాంటి మేనమామ ఎక్కడ దొరుకుతాడు?

ఇది ముస్లింల ఒక్కరి గోడే కాదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టింది శాస్త్రవేత్త కాదు, ఐతన్న అనే స్థానికుడు. పిట్ట జాడ తెలిసిన బహుజనుడి చేతి గురించే మేం మాట్లాడుతున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం జాబితా తీసి చూడండి. అందులో గారడీ సాయిబులున్నారు, పాములవాళ్లున్నారు, ఎలుగుల్ని ఆడించినవాళ్లున్నారు. జంతువుతో బతికిన మా కులాలు అవి. 1972 వన్యప్రాణి చట్టం వాళ్ల చేతుల్లోంచి జంతువును తీసుకుంది. జంతువుకు అది న్యాయమే. కానీ మనిషికి బదులుగా ఏమిచ్చింది?

మరో దేశంలో ఇదే విద్యను ఏం చేశారో చూడండి. అమెరికాలో డీడీటీ మందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి తూర్పు రాష్ట్రాల్లో బహిరీ డేగ పూర్తిగా మాయమైంది. 1970లో టామ్ కేడ్ అనే శాస్త్రవేత్త, ఆయనా డేగల్ని పెంచినవాడే, ఒక సంస్థ పెట్టాడు. డేగల్ని పెంచేవాళ్ల అనుభవంతోనే పక్షుల్ని పొదిగించి ఆకాశంలోకి వదిలారు. 1999లో ఆ పక్షిని ప్రమాదంలో ఉన్నవాటి జాబితా నుంచి తీసేశారు. ఇవాళ అక్కడ పన్నెండేళ్లు దాటిన పిల్లవాడు రాతపరీక్ష పాసై, గురువును చూపించి, పక్షి ఉండే చోటును తనిఖీ చేయించి శిష్యుడిగా చేరవచ్చు. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి.

డేగవేటను యునెస్కో 2010లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. 2021 నాటికి 24 దేశాలు ఆ జాబితాలో చేరాయి. పాకిస్తాన్ ఉంది, మంగోలియా ఉంది, జర్మనీ ఉంది. మానసోల్లాసం పుట్టిన దేశం లేదు. ఇక గల్ఫ్ సంగతి. ఎమిరేట్స్‌లో డేగకు తన పేరున పాస్‌పోర్టు ఉంటుంది. అబూధాబీలో డేగలకు ప్రత్యేకంగా ఆసుపత్రి ఉంది. అదే గల్ఫ్‌లో మన కరీంనగర్, నిజామాబాద్ పిల్లల పాస్‌పోర్టులు, చట్టం వద్దన్నా, యజమానుల బీరువాల్లో ఉండటం కొత్త సంగతి కాదు. డేగను గౌరవించి మనిషిని మరిచే సంస్కృతి ఏ మతానిదైనా మాకు పరాయిదే.

ఇప్పుడు మా పిల్లలకు జవాబు. బేటా, మన దేశంలో డేగను పట్టడం, కొనడం, పెంచడం నేరం. పట్టి తెచ్చి అమ్ముతామనే మాట నమ్మకు. ఆ చట్టాన్ని మేం వ్యతిరేకించడం లేదు. అడవులు తరిగి, పంటలకు విషం చల్లి, పక్షే కరువైన కాలంలో గూట్లోంచి పిల్లను తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ చూసే హక్కు నీది. షిక్రా, మన తెలుగులో జాలెడేగ, నీ బడి ముందరి వేపచెట్టు మీదికే వస్తుంది. బల్లిని, ఉడుతను, పిచ్చుకను పడుతుంది. ఏ గంటకు వస్తుందో రాసుకో. ఏ కొమ్మ మీద కూర్చుంటుందో, కాకులు దాన్ని ఎలా తరుముతాయో, గూడు ఎప్పుడు కడుతుందో రాసుకో. తెలుగులో రాయి, ఉర్దూలో రాయి. బాజ్‌దారు రాత్రంతా మేలుకుని నేర్చుకున్న ఓర్పు అదే. తాడూ టోపీ లేకుండా కూడా ఆ ఓర్పు నేర్చుకోవచ్చు.

సర్కారును మేం అడిగేది కూడా ఇదే. గాయపడ్డ డేగలకు చికిత్స చేసే చోట, పక్షుల లెక్క తీసే చోట, అడవి శాఖలో, జూలో, పట్టేవాళ్ల, సాకేవాళ్ల పిల్లలకు చోటివ్వండి. దయగా కాదు, ఆ విద్య వాళ్ల తాతలది గనుక ఇవ్వండి. వాళ్ల దగ్గర మిగిలిన మాటల్ని, ఈలల్ని, మందుల్ని ముసలివాళ్లు పోకముందే రాసి పెట్టండి.

నవాబు బొమ్మలో మాకు వాటా అక్కర్లేదు. ఆ బొమ్మ అంచున, చేతికి దస్తానా తొడుక్కుని నిలబడ్డ మనిషి పేరు కావాలి. ఆ పేరు దొరికే దాకా మా షాబాజ్‌లు, మా షాహీన్‌లు వెతుకుతూనే ఉంటారు.