పాత పిస్తోలుకు కొత్త మెరుగు: అమెరికాలో ఒక ఇంటి వ్యాపకం, చరిత్రకు ఒక ప్రశ్న

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- అమెరికాలో పాత సైనిక పిస్తోళ్లను ఇంట్లోనే మార్చుకునే వ్యాపకం ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
- ఆ వ్యాపకంపై చట్టం చూపిన ప్రభావాన్ని తెలుసుకుంటారు.
- ఒక వస్తువును బాగుచేయడానికీ, దానిలోని చారిత్రక ఆధారాన్ని కాపాడడానికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. కర్మాగారంలో లక్షల సంఖ్యలో తయారైన వస్తువు కూడా ఆధారమే. దాని మీది అంకెలు, ముద్రలు, పైపూత, అరుగుదల మనకు సమాచారం ఇస్తాయి. అయితే అటువంటి వస్తువు యజమాని చేతిలో మారుతూ ఉంటుంది. ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అమెరికాకు చెందిన ఒక పిస్తోలును ఉదాహరణగా తీసుకుందాం.

2. ఒక పిస్తోలు, అనేక కర్మాగారాలు

జాన్ బ్రౌనింగ్ (1855-1926) రూపొందించిన .45 క్యాలిబర్ పిస్తోలును అమెరికా సైన్యం 1911లో స్వీకరించింది. అందువల్లనే దానికి ఎం1911 అనే పేరు వచ్చింది. 1920లలో చిన్న మార్పులు చేసిన రూపాన్ని ఎం1911ఏ1 అన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇవి దాదాపు 19 లక్షలు తయారయ్యాయి. తయారీదారుల పేర్లు ఆసక్తికరంగా ఉంటాయి. రెమింగ్టన్ రాండ్ టైపురైటర్ల కంపెనీ. యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ రైల్వే సిగ్నళ్ల కంపెనీ. మన ఇళ్లలో కుట్టుమిషను ద్వారా పరిచయమైన సింగర్ కంపెనీ కూడా 500 పిస్తోళ్లు చేసింది. పౌర పరిశ్రమ యుద్ధ పరిశ్రమగా ఎలా మారిందో స్లైడు మీద చెక్కిన ఆ పేర్లే చెబుతాయి.

పైపూత కూడా కాలాన్ని తెలుపుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు పిస్తోళ్లకు ఎక్కువగా బ్లూయింగ్ చేసేవారు. ఇనుము ఉపరితలాన్ని అదుపులో ఉంచిన రసాయన చర్యతో నల్లని ఆక్సైడు పొరగా మార్చడమే బ్లూయింగ్. ఎర్ర తుప్పు లోహాన్ని తినేస్తుంది. ఈ నల్లపొర దాన్ని కొంతవరకు కాపాడుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫాస్ఫేటు పూత అయిన పార్కరైజింగ్ ప్రధానమైంది. అది మెరవదు, బూడిదరంగులో ఉంటుంది, నూనెను బాగా పట్టి ఉంచుతుంది. యుద్ధరంగానికి కావలసినది అందం కాదు, మన్నిక.

3. గ్యారేజీలోకి వచ్చిన ఆయుధం

యుద్ధం ముగిసిన తరువాత సైన్యం ఈ పిస్తోళ్లను కొత్తగా పెద్ద ఎత్తున కొనలేదు. ఉన్నవాటినే మరమ్మతు చేసి వాడింది. 1960ల తొలినాళ్లలో ప్రభుత్వమే పౌర గురికాల్పు కార్యక్రమం ద్వారా కొన్నింటిని పౌరులకు తక్కువ ధరకు అమ్మింది. సొంత ఇల్లు, గ్యారేజీ, పనిముట్ల బల్ల ఉన్న మధ్యతరగతి కుటుంబాల్లో ఇవి వ్యాపక వస్తువులయ్యాయి. అయోవా రాష్ట్రంలోని మాంటెజూమా పట్టణానికి చెందిన బ్రౌనెల్స్ వంటి సంస్థలు విడిభాగాలను, పూత రసాయనాలను తపాలా ద్వారా అందించాయి.

ఈ మార్పులకు ఒక సాంకేతిక కారణం ఉంది. సైనిక పిస్తోలులో భాగాలను కొంత వదులుగా అమర్చేవారు. బురద పట్టినా పనిచేయాలి, ఒకదాని భాగం మరొకదానిలో ఇమడాలి. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో జరిగే జాతీయ పోటీల్లో పాల్గొనేవారికి మాత్రం కచ్చితమైన గురి ముఖ్యం. కనుక స్లైడును, ఫ్రేమును బిగుతుగా అమర్చడం, పెద్ద సైట్లు పెట్టడం, ట్రిగ్గరును సవరించడం మొదలైంది. సైన్యానికి చెందిన మరమ్మతు నిపుణులు, వృత్తి కళాకారులు ఈ పనికి ప్రమాణాలు ఏర్పరిచారు. ఇంటి వ్యాపకస్తులు వారిని అనుసరించారు. గురితో సంబంధం లేనివారు కేవలం అందం కోసం పాత పూత తీసి, అద్దంలా నునుపుచేసి, కొత్త బ్లూయింగో నికెలు పూతో వేయించారు. అప్పట్లో ఇవి విరివిగా దొరికే చవక వస్తువులు. ఒకనాడు అరుదవుతాయన్న ఆలోచన చాలామందికి రాలేదు.

4. చట్టం, సేకర్తలు

1963లో అధ్యక్షుడు కెన్నెడీని తపాలా ద్వారా కొన్న సైనిక రైఫిలుతో హత్యచేశారు. తరువాత వచ్చిన 1968 తుపాకుల నియంత్రణ చట్టం సామాన్యులు రాష్ట్రాల మధ్య తపాలా ద్వారా ఆయుధాలు కొనడాన్ని నిరోధించింది. చారిత్రక విలువగల ఆయుధాల సేకర్తలకు ప్రత్యేక లైసెన్సు ఏర్పడింది. నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన ఆయుధాలు సాధారణంగా ఈ వర్గంలోకి వస్తాయి.

వయసుకు ఇలా గుర్తింపు లభించగా, సేకర్తల దృష్టి కూడా మారింది. తొలినాటి పూత, అదే పిస్తోలుకు చెందిన భాగాలు, చెరగని ముద్రలు విలువకు కొలమానాలయ్యాయి. 500 మాత్రమే తయారైన సింగర్ పిస్తోలును ఎవరైనా ప్రేమతో నునుపుచేసి ఉంటే, దాని విలువలో పెద్ద భాగం ఆ సానపట్టిన పొడితోపాటే పోయింది.

5. ఏది అసలు రూపం?

ఇక్కడ తొందరపడి వ్యాపకస్తుడిని దోషిగా నిలబెట్టకూడదు. సైనిక ఆయుధాగారాలే పాత పిస్తోళ్లను విప్పి, వేర్వేరు కర్మాగారాల భాగాలను కలిపి, నల్లని బ్లూయింగుపై బూడిదరంగు పూత వేశాయి. కొన్నింటిపై తమ ముద్రలు కూడా కొట్టాయి. అలాంటి పిస్తోలును 1918 నాటి రూపానికి 'పునరుద్ధరిస్తే' రెండో యుద్ధపు చరిత్ర చెరిగిపోతుంది. అలాగే 1960లలో ఒక గురికాడు బిగించిన సైట్లు ఆనాటి క్రీడకు ఆధారాలు.

కనుక మార్పు జరిగిందా అన్నది చరిత్రకారుడికి మొదటి ప్రశ్న మాత్రమే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారు, ఆ సంగతి నమోదు చేశారా అన్నవి తరువాతి ప్రశ్నలు. మార్పును దాచి అసలుదిగా చూపినప్పుడు అది మోసమవుతుంది. నమోదైన మార్పు ఆ వస్తువు చరిత్రలో మరొక అధ్యాయమవుతుంది.

6. మన అనుభవంతో పోలిక

భారతదేశంలో ఇటువంటి వ్యాపకం పెరగకపోవడానికి కారణం చరిత్రలోనే ఉంది. 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1959 చట్టం జాతి భేదాన్ని తొలగించినా నియంత్రణను కొనసాగించింది. లైసెన్సు లేకుండా తుపాకిని అమ్మకానికి తయారుచేయడమే కాదు, వృత్తిగా మరమ్మతు చేయడం కూడా నేరం. అందువల్ల మనలో చాలామంది పాత ఆయుధాలను హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి చోట్ల అద్దాల వెనుక మాత్రమే చూస్తాం.

అయినా సమస్య మనకు కొత్తది కాదు. తాతల నాటి ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. గట్టిగా రుద్దేకొద్దీ దానిపై చెక్కిన పేరు అరిగిపోతుంది. భక్తితో గుడి గోడకు వేసిన సున్నం కింద శాసనాలు మరుగునపడతాయి. ఇక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. చరిత్ర ఆధారాలకు శత్రువుల వల్లనే కాక, ప్రేమించేవారి వల్ల కూడా ముప్పు ఉంటుంది.

7. సారాంశం

చవకగా దొరికిన సైనిక పిస్తోళ్లు, గురికాల్పు పోటీలు, ఇంటి పనిముట్ల సంస్కృతి కలిసి అమెరికాలో ఈ వ్యాపకాన్ని పెంచాయి. చట్టం, అరుదుదనం అసలు రూపానికి విలువ తెచ్చాయి. పాత వస్తువును ముట్టుకునే ముందు దాని ప్రస్తుత స్థితిని నమోదు చేయడం, తిరిగి సరిదిద్దలేని మార్పు చేయకపోవడం మనం నేర్చుకోవలసిన నియమాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బ్లూయింగ్, పార్కరైజింగ్ మధ్య భేదమేమిటి?
2. 1968 చట్టం నేపథ్యాన్ని వివరించండి.
3. మీ ఇంట్లోని ఒక పాత వస్తువును పరిశీలించి, దానిపై జరిగిన మార్పులను కాలక్రమంలో రాయండి. వాటిలో ఏది ఆధారాన్ని చెరిపింది? ఏది కొత్త ఆధారాన్ని చేర్చింది?