జలుబే కదా అని వదిలేస్తున్నారా..? కరోనా టెస్ట్ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు?

2022 సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేశారు. అప్పట్లో ఏ ఇంట్లో చూసినా తుమ్ములు, ముక్కు కారడం, గొంతులో గరగర. చలికాలం కదా, మామూలు జలుబేనని కొందరు అనుకున్నారు. ఒమిక్రాన్ అయినా మూడు రోజుల్లో తగ్గిపోతుందట, ఇంక టెస్ట్ ఎందుకని మరికొందరు లైట్ తీసుకున్నారు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుని, ఎప్పటిలాగే ఆఫీసుకీ మార్కెట్‌కీ వెళ్లిపోయారు.

మరోవైపు 2022 జనవరిలో దేశంలో రోజువారీ కేసులు 3 లక్షలు దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో ఒక్క రోజు కేసులు 10 వేల మార్కు దాటేశాయి. అయినా టెస్టులు తగ్గుతున్నాయని, పెంచాలని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది.

ఇంతకీ స్వల్ప లక్షణాలుంటే టెస్ట్ చేయించుకోవాలా, వద్దా? సూటిగా చెప్పాలంటే.. 2022 జనవరి నిబంధనల ప్రకారం లక్షణాలుంటే చేయించుకోవాలి. ఏ లక్షణమూ లేకపోతే చాలామందికి అక్కర్లేదు. ఈ రెండు మాటలూ కలగాపులగమై, చివరికి టెస్టే అక్కర్లేదన్న ప్రచారం మొదలైంది. అసలు నిబంధన ఏంటో, దాని వెనుక కారణమేంటో తెలుసుకుందాం.

ఐసీఎంఆర్ ఏం చెప్పింది?

2022 జనవరి 10న ఐసీఎంఆర్ టెస్టులపై కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో టెస్ట్ చేయించుకోవాల్సిన వాళ్లలో మొదట ఉన్నది లక్షణాలున్నవాళ్లే. దగ్గు, జ్వరం, గొంతు నొప్పి, రుచి లేదా వాసన తెలియకపోవడం, ఆయాసం, ఇతర శ్వాసకోశ లక్షణాలు ఈ జాబితాలో ఉన్నాయి. ముక్కు కారడం, తుమ్ములు అని విడిగా రాయకపోయినా ‘ఇతర శ్వాసకోశ లక్షణాలు’ అన్న మాటలోకి అవీ వస్తాయి. స్వల్పంగా ఉంటే వద్దని ఎక్కడా చెప్పలేదు.

ఆ మార్గదర్శకాల ప్రకారం ఇంకా ఎవరు చేయించుకోవాలంటే..

- పాజిటివ్ వచ్చినవాళ్లతో దగ్గరగా మెలిగిన 60 ఏళ్లు దాటినవాళ్లు
- అలాగే దగ్గరగా మెలిగిన షుగర్, బీపీ, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్, ఊబకాయం ఉన్నవాళ్లు
- విదేశాలకు వెళ్లేవాళ్లు, అక్కడి నుంచి వచ్చేవాళ్లు (ఆయా నిబంధనల ప్రకారం)

మరి అప్పుడు ఎవరికి అక్కర్లేదన్నారు?

- ఏ లక్షణమూ లేకుండా మామూలుగా తిరుగుతున్నవాళ్లు
- పాజిటివ్ వ్యక్తిని కలిసినా.. వయసు, జబ్బుల రీత్యా రిస్క్ లేనివాళ్లు
- హోం ఐసోలేషన్ గడువు పూర్తి చేసుకున్నవాళ్లు, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయినవాళ్లు
- ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లేవాళ్లు

కాంటాక్ట్‌లకు టెస్ట్ అక్కర్లేదన్న వార్త బాగా తిరిగింది. రిస్క్ లేనివాళ్లకు, అదీ లక్షణాలు లేనప్పుడు మాత్రమే అన్న షరతు చాలామందికి చేరలేదు. కాంటాక్ట్ అయిన మనిషికి రెండో రోజు గొంతు నొప్పి మొదలైందంటే, అప్పటి నుంచి ఆయన ‘లక్షణాలున్నవాళ్ల’ కిందికే వస్తారు.

ఇంకో ముఖ్యమైన విషయం. టెస్ట్ కాలేదన్న కారణంతో అత్యవసర ఆపరేషన్లు, కాన్పులు ఆలస్యం చేయకూడదని ఐసీఎంఆర్ స్పష్టంగా చెప్పింది. లక్షణాలు లేని గర్భిణికి, కాన్పు కోసం చేరిందన్న ఒక్క కారణంతో టెస్ట్ చేయనక్కర్లేదని కూడా చెప్పింది.

రెండేళ్లలో రూల్ ఎలా మారింది?

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న, ఏపీలో మొదటి కేసు మార్చి 12న బయటపడ్డాయి. అప్పట్లో కిట్లు, ల్యాబ్‌లు తక్కువ. విదేశాల నుంచి వచ్చారా, పాజిటివ్ వ్యక్తిని కలిశారా అన్నదే ముందు అడిగేవాళ్లు. 2020 మేలో నిబంధనలు మారినా.. జ్వరం 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్‌కు చేరి, దగ్గు కూడా ఉంటేనే ‘ఫ్లూ లాంటి జబ్బు’గా లెక్కేశారు. వట్టి జలుబుకు ఆ లెక్కలో చోటు లేదు.

అదే ఏడాది జూన్‌లో వాసన, రుచి తెలియకపోవడాన్ని లక్షణాల్లో చేర్చారు. సెప్టెంబర్‌లో, అడిగినవాళ్లకు టెస్ట్ చేసే వెసులుబాటు వచ్చింది. 2021 మే 19న ఇంట్లోనే చేసుకునే మొదటి రాపిడ్ కిట్‌కు ఐసీఎంఆర్ ఆమోదం తెలిపింది. అంటే టెస్టులు కరువుగా ఉన్న రోజుల్లో జలుబు వాళ్లను పక్కన పెట్టారు తప్ప, జలుబుతో కరోనా ఉండదని కాదు. ఆ పాత మాటే చాలామంది బుర్రలో ఉండిపోయింది.

చూసి చెప్పేయొచ్చా.. జలుబా, ఒమిక్రానా?

చెప్పలేం. డాక్టరైనా సరే, టెస్ట్ లేకుండా ముక్కు కారడాన్ని చూసి ఇది ఫలానా వైరస్ అని తేల్చలేరు. డెల్టా టైంలో వాసన పోయిందంటే కరోనా అని జనమే గుర్తుపట్టేవాళ్లు. ఒమిక్రాన్‌లో ఆ గుర్తు చాలామందిలో కనిపించలేదు.

బ్రిటన్‌లో లక్షణాలను నమోదు చేసే ‘జో’ యాప్‌లో ఒమిక్రాన్ సమయంలో ఎక్కువగా కనిపించిన ఐదూ ఇవే.. ముక్కు కారడం, తలనొప్పి, నీరసం, తుమ్ములు, గొంతు నొప్పి. అచ్చం జలుబే! అయినా 2022 జనవరిలో అక్కడి ప్రభుత్వ జాబితాలో జ్వరం, ఆగని దగ్గు, రుచి లేదా వాసన పోవడం.. ఈ మూడే ఉండేవి. ఆ విషయంలో అప్పట్లో మన ఐసీఎంఆర్ జాబితానే విశాలంగా ఉండేది.

చుట్టూ కేసులు ఎక్కువగా ఉన్నప్పుడు, టెస్ట్‌లో తేలేదాకా జలుబును కరోనాగానే అనుకుని జాగ్రత్తపడటం మంచిది.

నాకెలాగూ తగ్గిపోతుంది.. టెస్ట్ ఎందుకు?

అప్పట్లో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నిజమే, రెండు డోసులు వేసుకున్న పాతికేళ్ల కుర్రాడికి పాజిటివ్ వచ్చినా మందుల్లో పెద్ద తేడా ఉండదు. జ్వరానికి పారాసిటమాల్, విశ్రాంతి, మంచినీళ్లు.. అంతే. కానీ ఆ కుర్రాడు ఒక్కడే ఉండడు కదా. ఇంట్లో షుగర్ ఉన్న నాన్నమ్మ ఉంటుంది. డయాలసిస్‌కు వెళ్లే బాబాయ్ ఉంటాడు. కుర్రాడికి ‘మైల్డ్’ అయింది వాళ్లకు కూడా మైల్డ్‌గానే పోతుందన్న గ్యారంటీ లేదు.

టెస్ట్ వల్ల తేలే విషయాలు మూడు..

1. ఇంట్లో ఎవరు ఎవరికి దూరంగా ఉండాలో తెలుస్తుంది. అనుమానంతో ఒక్క పూట గదిలో ఉంటారు, రిపోర్ట్ వస్తే చెప్పినన్ని రోజులూ ఉంటారు. మనుషుల తీరే అంత.

2. రిస్క్ ఉన్నవాళ్లకు టైం కలిసొస్తుంది. వైరస్‌పై పనిచేసే మందులను లక్షణాలు మొదలైన తొలి రోజుల్లోనే మొదలుపెట్టాలి. పెద్దాయనకు ఆయాసం వచ్చాక టెస్ట్‌కు తీసుకెళ్తే అప్పటికే ఆలస్యమైపోవచ్చు. అందుకే 60 దాటినవాళ్లకు, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు జలుబు మొదలైన రోజే టెస్ట్ చేయించాలి.

3. ఆక్సిజన్ ఎప్పటి నుంచి చూసుకోవాలి, ఐసోలేషన్ ఎప్పటితో ముగుస్తుంది అన్న లెక్కకు ఒక మొదటి తేదీ దొరుకుతుంది.

రాపిడ్ టెస్టా.. ఆర్టీపీసీఆరా?

రాపిడ్ యాంటిజెన్ టెస్ట్ ఫలితం పావుగంటలో వచ్చేస్తుంది. ముక్కులో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడే దానికి దొరుకుతుంది. మొదటి రోజున తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఆర్టీపీసీఆర్ తక్కువ వైరస్‌ను కూడా పట్టుకుంటుంది, కానీ రిపోర్ట్‌కు టైం పడుతుంది. అందుకే 2022 జనవరిలో రూల్ ఇలా ఉండేది..

- రాపిడ్‌లో పాజిటివ్ వస్తే పాజిటివే. మళ్లీ టెస్ట్ అక్కర్లేదు.
- లక్షణాలుండి రాపిడ్‌లో నెగెటివ్ వస్తే.. వెంటనే ఆర్టీపీసీఆర్ చేయించుకోవాలి. ఆ రిపోర్ట్ వచ్చేదాకా ఐసోలేషన్‌లోనే ఉండాలి.

చాలామంది పొరపాటు పడింది ఈ రెండోదాని దగ్గరే. ఇంట్లో కిట్‌తో చూసుకుని, ఒక్కటే గీత వచ్చిందని సంతోషపడి పెళ్లికి బయల్దేరారు. జలుబు ఉండగా రాపిడ్ నెగెటివ్ అంటే కరోనా లేదన్న సర్టిఫికెట్ కాదు.

ఇంట్లో కిట్ వాడుతున్నారా?

కిట్‌తో వచ్చిన కాగితం ముందు పూర్తిగా చదవండి. చేతులు శుభ్రంగా కడుక్కోండి. ఇచ్చిన పుల్లను రెండు ముక్కు రంధ్రాల్లోనూ, చెప్పినన్ని సార్లు గుండ్రంగా తిప్పాలి. పైపైన తాకించి తీసేస్తే ఫలితం తప్పొచ్చు. ‘సి’ దగ్గర గీత రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు. ‘సి’, ‘టి’ రెండు చోట్లా గీతలొస్తే పాజిటివ్, ‘టి’ గీత లేతగా ఉన్నా సరే. చెప్పిన టైంకే ఫలితం చూడాలి. గంట తర్వాత చూసి గీత వచ్చింది, రాలేదు అనుకోవడం తప్పు. ఫలితాన్ని కిట్ కంపెనీ యాప్‌లో నమోదు చేయాలన్నది 2022 జనవరిలో ఉన్న రూల్. లేకపోతే ఆ కేసు లెక్కల్లోకే వచ్చేది కాదు.

ఫీవర్ సర్వేలో కిట్ ఇచ్చారు.. ఇక టెస్ట్ వద్దా?

తెలంగాణలో 2022 జనవరి 21 నుంచి ఇంటింటి ఫీవర్ సర్వే నడిచింది. లక్షణాలున్నవాళ్లకు అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. ఏపీలోనూ ఆశా వర్కర్లు, వాలంటీర్లు ఇళ్లకొచ్చి అడిగారు. రిపోర్ట్ కోసం ఎదురుచూస్తూ మందులు ఆలస్యం కాకూడదన్నదే కిట్ ఇవ్వడంలో ఉద్దేశం. కిట్ వచ్చింది కాబట్టి ఐసోలేషన్ అక్కర్లేదని మాత్రం కాదు. అలాంటి సర్వేకు వచ్చినవాళ్ల దగ్గర జ్వరం, దగ్గు దాచొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు, జబ్బులున్నవాళ్లు ఉంటే ఆ మాట కూడా చెప్పండి, టెస్ట్ ఎక్కడ చేస్తారో అడగండి. పీహెచ్‌సీలు, బస్తీ దవాఖానాలు, ప్రభుత్వాస్పత్రుల్లో అప్పట్లో టెస్ట్ ఉచితమే.

టెస్ట్ దొరక్కపోతే?

సెంటర్ దగ్గర లైన్ పెద్దగా ఉందనో, కిట్లు అయిపోయాయనో తిరిగొచ్చేశారా? అప్పుడు పాజిటివ్ అన్నట్టే ఉండండి. గాలి, వెలుతురు వచ్చే గదిలో విడిగా ఉండాలి. ఒకటే గది ఉన్న ఇళ్లలో అది కష్టమే. అలాంటప్పుడు కిటికీలు, తలుపులు తెరిచి పెట్టాలి, ఇంట్లో అందరూ మాస్క్ వేసుకోవాలి, పెద్దవాళ్ల మంచం వీలైనంత దూరంగా, గాలి వచ్చే చోట వేయాలి. అన్నం కలిసి తినొద్దు. మాస్క్ తీసేది తినేటప్పుడే కాబట్టి ఎక్కువగా అంటుకునేది అప్పుడే.

పాజిటివ్ వస్తే ఎన్ని రోజులు?

2022 జనవరి 5 నాటి కేంద్రం నిబంధనల ప్రకారం.. స్వల్ప లక్షణాలున్నవాళ్లు పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 7 రోజులు హోం ఐసోలేషన్‌లో ఉండాల్సి ఉండేది. చివరి 3 రోజులు వరుసగా జ్వరం ఉండకూడదన్నది షరతు. ఆ తర్వాత బయటికి రావచ్చని, మాస్క్ మాత్రం కొనసాగించాలని చెప్పారు. బయటికి రావడానికి మళ్లీ టెస్ట్ అక్కర్లేదన్నారు. కొన్ని ఆఫీసులు నెగెటివ్ రిపోర్ట్ తెమ్మన్నాయి. అది నిబంధనల్లో లేదు. చచ్చిన వైరస్ ముక్కలు మిగిలినా ఆర్టీపీసీఆర్‌లో కొన్ని వారాల పాటు పాజిటివ్ రావచ్చు. ఆ రిపోర్ట్ కోసం మళ్లీ లైన్‌లో నిలబడితే, నిజంగా టెస్ట్ కావాల్సిన వాళ్లకే ఆలస్యం.

డాక్టర్ చెప్పకుండా స్టెరాయిడ్స్ వాడొద్దు. స్వల్ప లక్షణాలకు అవి పనికిరావని ఆ నిబంధనల్లోనే ఉంది. సీటీ స్కాన్లకు, రక్తపరీక్షలకు పరుగెత్తొద్దు. యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు, పక్కింటివాళ్లు వాడారని మీరూ వేసుకోవద్దు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

- 100 డిగ్రీలు దాటిన జ్వరం 3 రోజులైనా తగ్గకపోవడం
- ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉండటం
- గంటలో మూడుసార్లు చూసినా ఆక్సిజన్ 93 లేదా అంతకన్నా తక్కువ రావడం
- ఛాతీలో ఆగకుండా నొప్పి, బరువు
- మాటల్లో తికమక, లేవలేనంత నీరసం

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టెస్ట్ రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సలహా కోసం 104, అంబులెన్స్ కోసం 108కి కాల్ చేయండి.

ఒక్క మాటలో..

జలుబు, గొంతు నొప్పి మొదలైతే ముందు విడిగా ఉండండి, తర్వాత టెస్ట్ చేయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, జబ్బులున్నవాళ్లు ఉంటే అదే రోజు వెళ్లండి. లక్షణాలుండగా రాపిడ్‌లో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించుకోండి. ఏ లక్షణమూ లేకుండా, రిస్క్ కూడా లేకుండా ఉంటే మాత్రం లైన్ కట్టనక్కర్లేదు.. ఆ టెస్ట్ అవసరమైనవాళ్లకు వదిలేయండి.