తాత్కాలికోపాయము నిలిచిన కథ

1981లో ఇంటర్నెట్ చిరునామాకు 32 బిట్లు నిర్ణయించిరి. అనగా సుమారు 430 కోట్ల చిరునామాలు. అవి చాలవని త్వరలోనే తేలినది. లోపలి చిరునామాలను ఎన్ని సంస్థలైనను మరల మరల వాడుకొను తాత్కాలికోపాయమును 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్‌లు సూచించిరి. తరువాత పోర్టు సంఖ్యలను గూడ జోడించి, ఇల్లంతటికి ఒకే బహిరంగ చిరునామా చాలునట్లు చేసిరి.

లోపలినుండి పోయిన ప్రశ్నను రౌటరు గుర్తుంచుకొని, జవాబును అడిగిన యంత్రమునకే అందించును. మరి బయటివారే ముందుగా పిలిచినచో? ఎవరికీయవలెనో దానికి తెలియదు. కనుక దూరమునుండి మన కంప్యూటరును నడపుటకు, 3389వ పోర్టుకు వచ్చినదానిని ఫలానా యంత్రమునకు పంపుమని మనమే వ్రాసిపెట్టవలెను. ఇదియే పోర్టు ఫార్వర్డింగు.

ఆ తలుపు మనకొక్కరికే తెరచుకొనదు సుమా! సంకేతపదము లేకయే చొరబడుటకు వీలిచ్చు లోపమొకటి 2019 మేలో ఈ సేవయందే బయటపడినది. 2014లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి సైతము మైక్రోసాఫ్ట్ సవరణ పంపవలసివచ్చెను.