బందరు వేళ్లు, ఇండోర్ కొలువు

ఆడినందుకు జీతమేమిటని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో బ్యాటు పట్టిన ప్రతి కుర్రాడూ ఏదో ఒకనాడు ఆ మాట పడినవాడే. వాళ్లకు చెప్పవలసిన పేరు ఒకటుంది. కొఠారి కనకయ్య నాయుడు, లోకానికి సి.కె. నాయుడు. 1895 అక్టోబరు 31న పుట్టింది నాగపూర్‌లోనే అయినా, ఆ కుటుంబం వేళ్లు బందరులోనే ఉన్నాయంటారు.

ఆయన ఎదుగుతున్న రోజుల్లోనే అమెరికాలో ఫుట్‌బాల్ డబ్బుల ఆటగా మారుతోంది. 1915లో ఒహాయోలోని కాంటన్ పట్టణం జట్టు, బంతిని చంకన పెట్టుకుని దూసుకుపోయే జిమ్ థోర్ప్‌కు ఒక్కో ఆటకు 250 డాలర్లు ఇచ్చింది. అక్కడ టిక్కెట్టు కొన్న జనమే ఆటగాణ్ణి పోషించారు. ఇక్కడ ఆ పని రాజులు చేశారు. 1923లో హోల్కర్ మహారాజు నాయుడిని ఇండోర్‌కు పిలిపించుకుని సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత కర్నల్ అయ్యారు. హోదా సైన్యానిది, అసలు పని క్రికెట్.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆ పని ఎలా ఉంటుందో జనం చూశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరఫున నాయుడు బ్యాటింగ్‌కు దిగారు. పొడుగాటి మనిషి, నిటారుగా నిలబడి ముందుకొచ్చి కొట్టేవారు. రెండు గంటల లోపే 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. కబురు ఊరంతా పాకి, చుట్టుపక్కల మేడల మీదా చెట్ల మీదా జనం ఎక్కారు. ఎం.సి.సి. వాళ్లే ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. తెల్లదొరల బౌలింగును ఒక తెలుగువాడు అలా ఉతికి ఆరేయడం ఆనాటి జనానికి ఆటను మించిన సంగతి.

అయినా కెప్టెన్సీ మాత్రం రాజవంశీకులదే. 1932 ఇంగ్లండ్ పర్యటనకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. మహారాజు తనంతట తాను తప్పుకున్నారు, ఉపనాయకుడికి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు, రాజుగారి కొలువులో ఉన్న నాయుడు కెప్టెన్ అయ్యారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. ఆ పర్యటనలో ఆయన ఫస్ట్‌క్లాస్ పరుగులు 1,618, వికెట్లు 65. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ని అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది.

1936లో మాత్రం ఆయన్ని పక్కనపెట్టి విజయనగరం రాజకుమారుడు విజ్జీని కెప్టెన్ చేశారు. ఆటను బట్టి చూస్తే ఆ పీఠం నాయుడిదే, అందులో నాకు సందేహం లేదు. ఓవల్‌లో తన చివరి టెస్టు చివరి ఇన్నింగ్స్‌లో, గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా ఆయన క్రీజు వదల్లేదు. చేసిన 81 పరుగులు ఆయన టెస్టుల్లో అత్యధికం.

మొత్తం ఏడే టెస్టులు. కానీ జీవనం ఆటతోనే సాగింది. 1941లో ఒక లివర్ టానిక్కు ప్రకటనలో కనిపించారు, భారత క్రికెటర్లలో అది మొదటిది. హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 50 ఏళ్ల వయసులో బరోడా మీద ఆయన చేసింది 200. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా ఆ జట్టులోనే ఆడారు. 1944-45 ఫైనల్లో బొంబాయి మీద సి.ఎస్. 917 బంతులు వేశారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగింది. కొత్త జట్టుకు కెప్టెన్‌గా వచ్చినవారు 58 ఏళ్ల కర్నల్ నాయుడు.